ఒక కారు, ఒక రోజు: చిన్న డైకాస్ట్ ర్యాలీ మోడళ్లను ఎలా చూడాలి

1964లో మాంటెకార్లో ర్యాలీ అనే రోడ్డు కార్ల పోటీ గెలిచిన మినీ కూపర్ ఎస్‌ను 1:43 స్కేలుకు, అంటే అసలు కారులో 43వ వంతుకు, తగ్గిస్తే పొడవు 71 మిల్లీమీటర్లు. మధ్యవేలంత కూడా ఉండదు. అంత చిన్న వస్తువు మీద ఎర్రటి బాడీ, తెల్లటి పైకప్పు, తలుపు మీద 37, ముందు 33 ఈజేబీ అనే నంబరు ప్లేటు, గ్రిల్ ముందు వరసగా అదనపు లైట్లు, బానెట్ మీద ర్యాలీ ప్లేటు అన్నీ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి మారినా అది ప్యాడీ హాప్‌కిర్క్, హెన్రీ లిడన్ నడిపిన కారు కాకుండా పోతుంది. రోడ్ల మీద తిరిగిన లక్షల మినీల్లో ఇంకొకటి అవుతుంది, అంతే.

ర్యాలీ మోడళ్లు సేకరించేవాళ్లు ముందుగా పట్టుకోవలసిన సంగతి ఇదే. మామూలు కారు మోడల్ ఒక రకాన్ని చూపిస్తుంది. ర్యాలీ మోడల్, రేసు కారు మోడల్ మాత్రం ఒక ఫలానా రోజును చూపిస్తాయి. ఏ పోటీ, ఏ సంవత్సరం, ఎవరు నడిపారు, ఎలాంటి రోడ్డు మీద నడిపారు అన్న ప్రశ్నలకు సమాధానాలు ఆ లోహపు ముక్క మీదే రాసి ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది బ్రాండ్ పేరు చూసి కొంటారు. బ్రాండ్ కంటే ముందు ఆ రోజును చూడాలి. షెల్ఫ్ మీద వందో కారు చేరే సమయానికి తేడా బాగా తెలుస్తుంది.

ఆ రోజు ఎంత ముఖ్యమో చెప్పడానికి మళ్లీ మినీయే పనికొస్తుంది. 1966 మాంటెకార్లోలో టిమో మేకినెన్, రౌనో ఆల్టోనెన్, హాప్‌కిర్క్ ముగ్గురూ మినీల్లో మొదటి మూడు స్థానాల్లో వచ్చారు. హెడ్‌లైట్లలో వాడిన బల్బులు నిబంధనలకు సరిపోవంటూ నిర్వాహకులు ముగ్గుర్నీ అనర్హుల్ని చేశారు. సిట్రోయెన్ డీఎస్ నడిపిన పౌలి తోయివోనెన్‌ను విజేతగా ప్రకటించారు. బొమ్మల కంపెనీ కోర్గీ ఆ ఏడాది మేకినెన్ కారును 2వ నంబరుతో తెచ్చింది. పైకప్పు మీద ఆయన సంతకం, పక్కన కూర్చుని దారి చెప్పే కోడ్రైవర్ పాల్ ఈస్టర్ సంతకం కూడా అచ్చేసింది. రికార్డు పుస్తకాల్లో లేని గెలుపు ఆ బొమ్మ మీద మిగిలిపోయింది. మరుసటి ఏడాది ఆల్టోనెన్ 177వ నంబరు కారుతో వచ్చి ఎవరూ కాదనలేని విధంగా గెలిచాడు. ఆ కారూ బొమ్మగా వచ్చింది. 37, 2, 177 పక్కపక్కన పెడితే ఆకారంలో మూడూ ఒకటే. కథలు మాత్రం మూడు.

ఒకే అచ్చు, పది కార్లు

బొమ్మల కంపెనీలకు ర్యాలీ కార్లంటే అంత ఇష్టం ఎందుకు? దీనికి జవాబు అభిమానంలో కంటే అచ్చు ఖర్చులో ఎక్కువ దొరుకుతుంది.

డైకాస్ట్ మోడల్‌కు ముఖ్యమైన ముడిసరుకు జమాక్ అనే మిశ్రమ లోహం. ఎక్కువ భాగం జింక్, నాలుగు శాతం దాకా అల్యూమినియం, చాలా కొద్దిగా మెగ్నీషియం, కొన్ని రకాల్లో రాగి. దాదాపు 400 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి ఉక్కు అచ్చుకు పెద్దగా దెబ్బ తగలదు. కరిగిన లోహాన్ని ఎక్కువ ఒత్తిడితో అచ్చులోకి కొడతారు. కొన్ని సెకన్లలో గట్టిపడి బయటికొస్తుంది. అంచుల్లో మిగిలిన పలుచటి రేకుల్ని విరిచేసి, నునుపు చేసి, రంగు కొడతారు. ఒక మంచి ఉక్కు అచ్చు లక్షల సార్లు పనిచేస్తుంది. కానీ ఆ అచ్చు చెక్కడానికే అసలు డబ్బంతా పోతుంది. ఒకసారి చెక్కాక దాన్ని వీలైనన్ని సార్లు వాడుకోవడమే వ్యాపారం.

రంగులు, స్టిక్కర్ల సంగతి వేరు. టాంపో ప్రింటింగ్‌లో సిరా నింపిన ప్లేటు మీద మెత్తటి సిలికాన్ ప్యాడ్ నొక్కి, దాన్ని తెచ్చి కారు మీద అద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, ఒక్కో అద్దకం. మార్టిని రేసింగ్ చారలే తీసుకుంటే ముదురు నీలం, లేత నీలం, ఎరుపు మూడూ కావాలి. అయినా కొత్త అచ్చు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కాబట్టి ఒకే కారు వేర్వేరు జట్లకు, వేర్వేరు రంగుల్లో, వేర్వేరు దేశాల్లో పరిగెత్తి ఉంటే బొమ్మల కంపెనీకి అంతకంటే ఏం కావాలి?

లాన్సియా స్ట్రాటోస్ ఈ లెక్కకు సరిగ్గా సరిపోయిన కారు. 1974, 1975, 1976లలో వరసగా మూడు ప్రపంచ ర్యాలీ టైటిళ్లు లాన్సియా కంపెనీకి తెచ్చిపెట్టింది. మార్ల్‌బరో రంగుల్లో పరిగెత్తింది. ఆలిటాలియా విమాన సంస్థ తెలుపు, ఆకుపచ్చ, ఎరుపుల్లో పరిగెత్తింది. ఫ్యాక్టరీ జట్టు పక్కకు తప్పుకున్నాక కూడా 1979లో బెర్నార్ డార్నిష్ నీలిరంగు షార్డొనె కారుతో మాంటెకార్లో గెలిచాడు. సాండ్రో మునారి ఒక్కడే 1975, 76, 77ల్లో మూడుసార్లు మాంటెకార్లో గెలిచాడు. పైపైన చూస్తే మూడూ ఆలిటాలియా స్ట్రాటోస్‌లే. కానీ 1975లో పక్కన కూర్చున్నది మారియో మన్నూచి, తరవాతి రెండేళ్లు సిల్వియో మైగా. అంటే కారు మీద రాసిన పేర్లే మారిపోవాలి. "ఆలిటాలియా స్ట్రాటోస్" అని మాత్రమే పెట్టె మీద రాసి, సంవత్సరం చెప్పకుండా అమ్మే మోడల్‌ను రెండోసారి చూడాల్సింది ఇందుకే.

తప్పులు ఎక్కడ దాక్కుంటాయి

ఒకే అచ్చును పది రకాలుగా వాడుకోవడం వల్ల లాభంతోపాటు ఇబ్బందీ వస్తుంది. రంగు మారినంత తేలిగ్గా ఆకారం మారదు. అసలు కారుకు మాత్రం ప్రతి ర్యాలీకీ ఆకారం కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది.

చక్రాల దగ్గర మొదలుపెట్టడం మంచిది. వరల్డ్ ర్యాలీ కార్లు అనే తరగతి నడిచిన కాలంలో మట్టి, కంకర రోడ్లకు 15 అంగుళాల రిమ్ములు, తారు రోడ్లకు 18 అంగుళాల రిమ్ములు వాడేవారు. 1:43లో ఇవి సుమారుగా 8.9, 10.6 మిల్లీమీటర్లు. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు గానీ కారు తీరునే మార్చేస్తుంది. తారు రోడ్డు కారు నేలకు అతుక్కుపోయినట్టు కూర్చుంటుంది. చక్రం గుంటను నింపేస్తుంది. పెద్ద రిమ్ము లోపల పెద్ద బ్రేక్ డిస్కు కనిపిస్తుంది. కంకర కారు లేచి నిలబడుతుంది. టైరు మందంగా ఉంటుంది, చక్రానికీ బాడీకీ మధ్య ఖాళీ తెలుస్తుంది, వెనక మడ్‌ఫ్లాప్‌లు పొడుగ్గా వేలాడతాయి. కంకర రోడ్ల మీద జరిగే ఫిన్లాండ్ ర్యాలీ పేరు పెట్టె మీద రాసి, లోపల కారు 18 అంగుళాల రిమ్ముల మీద నేలకు ఆనుకుని ఉంటే, తారు రోడ్ల కోర్సికా ర్యాలీ అచ్చునే మళ్లీ రంగు మార్చి పంపించారని అర్థం. లివరీ, అంటే జట్టు రంగులూ గుర్తులూ, ఎంత చక్కగా అచ్చయినా ఆ కారు ఫిన్లాండ్ వెళ్లలేదు.

తరవాత లైట్లు చూడాలి. రాత్రి స్టేజీలకు, అంటే ర్యాలీలో టైము లెక్కేసే విడతలకు, బానెట్ మీద బిగించే లైట్ల గుత్తి పగటి స్టేజీలో ఉండదు. మోడల్‌కు ఆ గుత్తిని విడిగా ఇచ్చే కంపెనీ ఉందంటే వాళ్లు ఫొటోలు చూసి పనిచేశారని అనుకోవచ్చు. తూర్పు ఆఫ్రికాలో జరిగే సఫారీ ర్యాలీ కార్లకైతే ముందు బుల్‌బార్ అనే రక్షణ కడ్డీలు, ఎత్తయిన సస్పెన్షన్, అదనపు లైట్లు, ఇదంతా వేరే ప్రపంచం. అవేవీ లేకుండా సఫారీ పేరు పెట్టుకున్న మోడల్‌ను దూరం పెట్టడమే మంచిది.

కొన్ని తప్పులు ఇంకా లోతైనవి. ఆడి క్వాట్రో సంగతే తీసుకుందాం. మొదటి క్వాట్రో, తరవాత వచ్చిన స్పోర్ట్ క్వాట్రో పేరుకు అన్నదమ్ములే గానీ స్పోర్ట్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 320 మిల్లీమీటర్లు కోసేశారు. 1:43లో అది ఏడు మిల్లీమీటర్ల పైన, 1:64లో సరిగ్గా ఐదు. తలుపుకూ వెనక చక్రానికీ మధ్య జాగా చూస్తే రెండూ ఎప్పటికీ కలవవు. ఎనభైల్లో నడిచిన గ్రూప్ బి అనే ర్యాలీ తరగతి నిబంధన ప్రకారం 200 కార్లు తయారుచేస్తే చాలు కాబట్టి కంపెనీలు ఇలాంటి కోతలకు వెనకాడలేదు. ఆ కాలపు కార్లు ఒక్కో ఏడాదికి ఒక్కో రూపంలో కనిపించడానికి కారణం అదే. 1986 మే నెలలో కోర్సికాలో హెన్రీ తోయివోనెన్, సెర్జియో క్రెస్టో ర్యాలీ ప్రమాదంలో చనిపోయాక ఆ ఏడాదితో గ్రూప్ బి ఆగిపోయింది. ఉన్నది కొద్ది సంవత్సరాలే. అయినా మోడళ్లలో ఆ తరానికి ఉన్నన్ని రూపాలు ఇంకే తరానికీ లేవనే చెప్పాలి.

లాన్సియా డెల్టాది ఇంకో తమాషా. 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరు టైటిళ్లు. హెచ్ఎఫ్ 4డబ్ల్యూడీ, ఇంటిగ్రాలె, 16 వాల్వుల ఇంటిగ్రాలె, చివర వెడల్పాటి డెల్టోనా. బయటికి ఒకటే కారులా కనిపిస్తాయి గానీ వీల్ ఆర్చ్‌ల ఉబ్బు, బానెట్ మీద ఎత్తు, బంపర్‌లో గాలి రంధ్రాలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. 1989లో ఇటలీ సాన్‌రెమో ర్యాలీలో 16 వాల్వుల కారు మొదటిసారి దిగినప్పుడు మార్టిని జట్టు అలవాటైన తెలుపు వదిలి ఎరుపు వేసింది. మికి బియాసియోన్ ఆ ఎర్ర కారుతో గెలిచాడు. ఎర్ర మార్టిని డెల్టా కనబడగానే తయారీదారు రంగులు తప్పు వేశాడనుకునేవాళ్లు ఉంటారు. నిజానికి సరైన రంగే అది, సరైన ర్యాలీ అయితే.

ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ఫొటోలే ఆధారం. మోడల్ చేతిలోకి తీసుకునే ముందు ఆ పోటీలో ఆ కారు ఫొటోలు కనీసం మూడు వైపుల నుంచి చూసి ఉండాలి. ముందు భాగం, పక్క భాగం, వెనక భాగం. అందులోనూ అదే రోజు ఫొటో కావాలి. ర్యాలీ మొదలైన రోజు మెరిసిపోయే కారుకూ మూడో రోజు బంపర్ ఊడిపోయిన కారుకూ తేడా ఉంటుంది. మ్యూజియంలో ఇప్పుడున్న కారు ఫొటోను నమ్మితే మోసపోయే అవకాశం ఉంది. తరవాతి యజమానులు రిమ్ములు, స్టిక్కర్లు మార్చేసి ఉంటారు.

మిల్లీమీటర్ల లెక్క

స్కేలు గురించి చాలా మాటలు నడుస్తాయి గానీ రెండు చాలు. 1:43 అనేది కార్ల కోసం పుట్టిన కొలత కాదు. ఓ గేజ్ (O gauge) అనే సైజు బొమ్మ రైళ్లలో ఒక అడుగుకు 7 మిల్లీమీటర్లు లెక్క. భాగించి చూస్తే 1:43.5 వస్తుంది. ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీ ఆ రైళ్ల పక్కన నిలబెట్టడానికి చిన్న కార్లు పోతపోసింది. 1934 నుంచి అవే డింకీ టాయ్స్. రైళ్లు పక్కకు తప్పుకున్నాయి, కొలత మిగిలింది. సోలిడో, కోర్గీ, తరవాత మినీచాంప్స్, ఇక్సో, స్పార్క్ అందరూ అటూ ఇటూగా దాన్నే పట్టుకున్నారు.

రెండోది 1:64. 1953లో లెస్నీ కంపెనీ అగ్గిపెట్టెలో పట్టే కార్లతో మ్యాచ్‌బాక్స్ మొదలుపెట్టింది. 1968లో మాటెల్ హాట్ వీల్స్ తెచ్చింది. 1970లో జపాన్ టోమికా వచ్చింది. ఇందులో ఒక కిటుకుంది. వీటిలో చాలావాటికి అసలు స్కేలు పెట్టె సైజే. చిన్న కారునీ పెద్ద ట్రక్కునీ ఒకే పెట్టెలో పట్టించాలి కాబట్టి చిన్నదాన్ని కాస్త పెద్దదిగా, పెద్దదాన్ని బాగా చిన్నదిగా చేసేవారు. టోమికా ఆ మాట దాచదు. కారు అడుగున ఒక్కోదానికి 1/59, 1/61 అని వేరే వేరే స్కేలు రాస్తుంది. ఖచ్చితంగా 1:64 అని చెప్పి నిలబడే మినీ జీటీ, టార్మాక్ వర్క్స్, ఇన్నో64 లాంటి కంపెనీలు ఈ మధ్య తరానివి. పాత బొమ్మనూ ఈ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఏదో తేడాగా ఉందనిపిస్తే కంటి తప్పు కాదు.

చిన్న స్కేలులో లోహం ఎక్కడ ఓడిపోతుందో తెలుసుకుంటే మోడల్ మీద అన్యాయంగా విరుచుకుపడం. కారు మీద రంగు పొర సుమారు 100 మైక్రాన్లు అనుకుందాం. 1:64లో అది 1.6 మైక్రాన్లు కావాలి. స్ప్రేతో కొట్టిన పొర అంతకు ఎన్నో రెట్లు మందం. అందుకే తలుపు గీతలు, బానెట్ సందులు రంగుతో నిండిపోయి మొద్దుబారతాయి. గీతను నిజమైన కొలతలో చెక్కితే రంగు కింద కనబడదు. కావాలని లోతుగా, వెడల్పుగా చెక్కాలి. బాడీ గోడ ఒక మిల్లీమీటరు మందం ఉంటే అది అసలు కారులో 64 మిల్లీమీటర్ల ఇనుప గోడతో సమానం. విండ్‌షీల్డ్ పక్క స్తంభాలు దళసరిగా కనిపించడానికి, తలుపులు తెరుచుకునే మోడల్‌లో సందులు పెద్దవిగా ఉండటానికి కారణం ఇదే. ర్యాలీ కారుకు తలుపులు తెరుచుకోవడం అనవసరమని గట్టిగా చెప్పవచ్చు. తెరుచుకోని బాడీలో లోపలి రోల్‌కేజ్ (రక్షణ గొట్టాల చట్రం), సీట్లు కిటికీ అద్దం వెనక చక్కగా కనబడతాయి, పక్క భాగం గీత చెడదు.

ఇక్కడే రెసిన్ ప్రస్తావన రావాలి. రెసిన్ మోడళ్లను సిలికాన్ అచ్చుల్లో పోస్తారు. ఆ అచ్చులు కొన్ని పదుల పోతలకే అరిగిపోతాయి. కానీ చవక, చిన్న గీత కూడా పదునుగా పడుతుంది. అందుకే ఒక్కసారి మాత్రమే పరిగెత్తి పదో స్థానంలో వచ్చిన కారుకు కూడా రెసిన్‌లో మోడల్ దొరుకుతుంది, డైకాస్ట్‌లో దొరకదు. బరువు ఇష్టపడేవాళ్లకు రెసిన్ చేతిలో డొల్లగా అనిపిస్తుంది. చూపుకు మాత్రం చాలాసార్లు రెసినే గెలుస్తుంది. దళసరి జింక్‌లో కూడా సరైన ఆకారం రాబట్టిన డైకాస్ట్ కనబడితే అందుకే ఎక్కువ మెచ్చుకోవాలి. పరిమితి తెలిసి చేసిన పని అది.

పత్రికతోపాటు విడతలవారీగా వచ్చే మోడళ్లను కొందరు తక్కువగా చూస్తారు. అది సరికాదనిపిస్తుంది. ఆల్టాయా, డిఅగోస్తీని లాంటి ప్రచురణ సంస్థలు ర్యాలీ కార్ల వరసలు తెచ్చాయి. వాటిలో ఎన్నో ఇక్సో తయారీవే. వైపర్లు లావుగా ఉంటాయి, ఇంటీరియర్ నల్లటి ప్లాస్టిక్. కానీ ఏ పెద్ద కంపెనీ పట్టించుకోని కారు, ఏ ఊరి చిన్న జట్టుదో, వాటిలో దొరుకుతుంది. వెడల్పు కావాలనుకునేవాళ్లకు ఆ దారి తప్పదు.

సర్క్యూట్ మీద కూడా ఇదే సూత్రం

స్పోర్ట్స్ కార్ల రేసింగ్‌లో, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో, రోజుతోపాటు గంట కూడా లెక్కకొస్తుంది. ఫోర్డ్ జీటీ40ల్లో 1075 అనే చాసిస్ నంబరున్న కారు కథ వినని సేకర్త ఉండడు. గల్ఫ్ ఆయిల్ కంపెనీ లేత నీలం, నారింజ రంగుల్లో అదే కారు 1968లో 9వ నంబరుతో పెద్రో రోడ్రిగెజ్, లూసియెన్ బియాంకి చేతుల్లో, 1969లో 6వ నంబరుతో జాకీ ఇక్స్, జాకీ ఆలివర్ చేతుల్లో గెలిచింది. 1969లో అందరూ కార్ల దగ్గరికి పరిగెత్తితే ఆ రకం స్టార్ట్ ప్రమాదకరమని చెప్పడానికి ఇక్స్ మెల్లగా నడిచి వెళ్లాడు. చివరికి దాదాపు 120 మీటర్ల తేడాతో గెలిచాడు. 9, 6 రెండూ కలిసి షెల్ఫ్ మీద ఉండాల్సినవి. ఒకే లోహం, రెండు ఏళ్లు.

పోర్షె 917 అయితే 23వ నంబరుతో తికమక పెడుతుంది. 1970లో పోర్షెకు లె మాన్‌లో మొదటి మొత్తం విజయం తెచ్చిన ఎరుపు, తెలుపు సాల్జ్‌బర్గ్ 917కె నంబరు 23. 1971లో గులాబీ రంగు వేసి మాంసం కోతల గీతలు గీసిన 917/20 నంబరు కూడా 23. మొదటిది గెలిచింది. రెండోది మధ్యలోనే ఆగిపోయింది. అయినా మోడళ్లలో ఆ గులాబీ కారుకు ఉన్న గిరాకీ చాలామంది విజేతలకు లేదు. గెలుపే సేకరణకు కొలమానం కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కనబడని చేతులు: లైసెన్సులు, పొగాకు

ఒక కారు మోడల్‌గా ఎందుకు రాలేదు అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు వకీళ్ల దగ్గర ఉంటుంది. కారు కంపెనీ ఒప్పుకోవాలి, స్పాన్సర్ ఒప్పుకోవాలి. ఫెరారీ లైసెన్సు 1999 నుంచి 2014 దాకా మాటెల్ చేతుల్లో ఉండేది. తరవాత బ్యురాగో వైపు వెళ్లింది. హాట్ వీల్స్‌లో కొత్త ఫెరారీలు మళ్లీ 2025లోనే కనిపించాయి. మధ్యలో ఉన్న ఖాళీని పాత హాట్ వీల్స్ ఫెరారీల ధరలు చెప్తాయి.

పొగాకు ఇంకా చిక్కు. డెబ్బైలు, ఎనభైలు, తొంభైల ర్యాలీ రంగుల్లో ఎన్నో సిగరెట్ కంపెనీలవే: మార్ల్‌బరో, రాత్‌మన్స్, 555. యూరప్‌లో 2005 జూలై నుంచి అంతర్జాతీయ పోటీల్లో పొగాకు స్పాన్సర్‌షిప్ నిషేధం. బొమ్మల మీద సిగరెట్ పేరు వేయడం అంతకుముందే చాలా కంపెనీలకు ఇబ్బంది. అందుకే 1995లో కాలిన్ మెక్రేను ప్రపంచ విజేతను చేసిన నీలిరంగు సుబారు ఇంప్రెజా, ఎల్555 బీఏటీ నంబరు ప్లేటుతో, చాలాసార్లు పక్కన ఖాళీ నీలంతోనే వస్తుంది. పసుపు 555 అంకెల డెకాల్స్‌ను, అంటే పలుచటి అతుకు బొమ్మల్ని, సేకర్త విడిగా కొనుక్కుని నీళ్లలో నానబెట్టి అతికించుకోవాలి. ఆ ఖాళీని లోపంగా కాక ఒక కాలపు గుర్తుగా చూసేవాళ్లూ ఉన్నారు. అసలు కారు మీద కూడా నిషేధం ఉన్న దేశాల్లో అక్షరాలు తీసేసి పరిగెత్తించిన రోజులు ఉన్నాయి కదా. అయితే ఆ ఖాళీ ఏ దేశంలోదో మోడల్ పెట్టె మీద రాసిన ర్యాలీతో సరిపోవాలి. బ్రిటన్ ర్యాలీ గెలిచిన కారుకు అక్షరాలు లేకపోతే తయారీదారు రాజీపడ్డట్టే.

లోహానికీ జబ్బు చేస్తుంది

జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినం చాలా కొద్దిగా కలిసినా లోహం లోపలి రేణువుల సందుల్లో తుప్పు మొదలవుతుంది. బయటికి ముందు సన్నటి పగుళ్లు, రంగు మీద బుడగలు, తరవాత బాడీ ఉబ్బడం, వంగడం, చివరికి చేతిలోనే పొడి కావడం. దీనికి మందు లేదు. యుద్ధానికి ముందు డింకీ బొమ్మల్లో ఎన్నో ఇలాగే పోయాయి. ఇప్పుడు చాలా స్వచ్ఛమైన జింక్ వాడుతున్నారు కాబట్టి ప్రమాదం తగ్గింది గానీ నాణ్యత సరిగా చూడని బ్యాచ్‌లలో ఈ మధ్య కాలం మోడళ్లకు కూడా వచ్చింది. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. కొనేటప్పుడు అడుగు ప్లేటు తిన్నగా ఉందా, తలుపు గీత ఒకే వెడల్పులో ఉందా చూడాలి. ఒకచోట సందు మూసుకుపోయి ఇంకోచోట విచ్చుకుంటే లోపల ఉబ్బు మొదలైందేమో అనుమానించాలి.

టైర్లది వేరే గోల. మెత్తటి టైరులోని నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికొచ్చి ప్లాస్టిక్ రిమ్మునీ డిస్‌ప్లే అడుగునీ కరిగిస్తుంది. పదేళ్లు కదపకుండా పెట్టిన కారును ఎత్తితే నాలుగు గుంటలు కనిపించడం ఇందుకే. కారును అడుగు నుంచి స్క్రూతో బిగించి, టైర్లు బేస్‌కు తగలకుండా సన్నటి వాషర్ వేసి కొద్దిగా ఎత్తులో నిలబెడితే చాలు. నేరుగా ఎండ పడే చోట పెడితే ముందుగా ఎరుపు వెలుస్తుంది. డెకాల్స్ పసుపెక్కి పెళుసుబారతాయి. గాలాడని ప్లాస్టిక్‌లో తేమతో కలిపి మూసి పెట్టడం దుమ్ము కంటే చెడు చేస్తుంది. సిలికా జెల్ పొట్లం వేసి, అప్పుడప్పుడూ పెట్టెలు తెరిచి చూడాలి.

పాత బొమ్మల బేరంలో ఒక్క విషయం మాత్రం మరిచిపోకూడదు. అడుగున ఉండే రివెట్ మూత చూడాలి. దాన్ని డ్రిల్ చేసి తెరిచి, రంగు కొత్తగా వేసి, స్క్రూతోనో జిగురుతోనో మళ్లీ మూసినవి మార్కెట్‌లో చాలా ఉన్నాయి. నకలు పెట్టెలు కూడా ఉన్నాయి. రంగు వేయడం తప్పేమీ కాదు. చెప్పకుండా అసలు దాని ధరకు అమ్మడమే తప్పు. అచ్చు లోపలి వైపు, విండ్‌షీల్డ్ అంచుల కింద రంగు ఎలా ఉందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఏది కొనాలి, ఏది వదలాలి

అరుదు అన్న మాట రెండు రకాలుగా పుడుతుంది. ఒకటి కంపెనీ తయారుచేసిన అరుదు. 1995లో హాట్ వీల్స్ ట్రెజర్ హంట్ మొదలైంది. తరవాత మెరిసే స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లతో సూపర్ ట్రెజర్ హంట్‌లు వచ్చాయి. చిన్న స్కేలు కంపెనీల్లో, కావాలని తక్కువ సంఖ్యలో వదిలే ఛేజ్ కార్లు కూడా ఇదే దారి. వీటిలో చాలా రంగులకు ఏ రోడ్డు మీదా చరిత్ర లేదు. రెండోది తనంతట తాను వచ్చిన అరుదు. ఆ కారును ఎవరూ పట్టించుకోక తక్కువగా అమ్మిన మోడల్, ఇరవై ఏళ్ల తరవాత ఎంత వెతికినా దొరకదు. వేట ఆనందం మొదటి రకంలోనూ ఉంటుంది, అది నిజమైన ఆనందమే. ర్యాలీ సేకర్తకు మాత్రం రెండో రకమే ఎక్కువ ఇస్తుంది. కంపెనీ నిర్ణయించిన సంఖ్య కంటే ఆ కారు పరిగెత్తిన స్టేజీ ముందు వస్తుంది కదా.

హద్దు గీసుకోని సేకరణ త్వరగా గోదాముగా మారుతుంది. ఒక పోటీని పట్టుకోవడం మంచి హద్దు. సఫారీని పట్టుకుంటే 1971, 1973 విజేత డాట్సన్ 240జెడ్, 1984 నుంచి మూడేళ్లు వరసగా గెలిచిన టొయోటా సెలికా ట్విన్ క్యామ్ టర్బో, 1988లో బియాసియోన్ బుల్‌బార్ బిగించి గెలిపించిన లాన్సియా డెల్టా ఒకే వరసలో నిలబడతాయి. అన్నీ ఎత్తు కాళ్ల మీద, అన్నీ మట్టి రంగు రోడ్ల కోసం కట్టినవే. కొన్ని కంపెనీలు వీటిని దుమ్ము పూసిన వెర్షన్‌లుగా కూడా అమ్ముతాయి. స్ప్రేతో సమానంగా పూసిన గోధుమ రంగును దుమ్ము అనలేం. బురద చక్రం వెనక మందంగా, తలుపు కింద పలుచగా, వైపర్ తుడిచిన చోట అసలు లేకుండా ఉండాలి. అది లేనప్పుడు శుభ్రమైన కారే మేలు.

డ్రైవర్‌ను పట్టుకోవడం ఇంకా చిన్న హద్దు, ఇంకా గట్టిది. మిషెల్ మూటన్ ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో నాలుగు పోటీలు గెలిచింది: 1981లో సాన్‌రెమో, 1982లో పోర్చుగల్, అక్రోపొలిస్ (గ్రీసు), బ్రెజిల్. సాన్‌రెమో గెలుపుతో ప్రపంచ స్థాయి ర్యాలీ గెలిచిన మొదటి మహిళ అయింది, పక్కన కోడ్రైవర్ ఫాబ్రిజియా పోన్స్. నాలుగూ ఆడి క్వాట్రోలే. దూరం నుంచి చూసేవాళ్లకు ఒకే కారును నాలుగుసార్లు కొన్నట్టుంటుంది. దగ్గరికొచ్చి నంబర్లు, ర్యాలీ ప్లేట్లు, లైట్లు, టైర్లు ఒక్కొక్కటే చూస్తూ పోతే నాలుగు దేశాల రోడ్లు విడివిడిగా కనిపిస్తాయి. నాలుగూ సరైన రూపంలో దొరకడానికి కొన్నేళ్లు పట్టవచ్చు. బ్రెజిల్ కారు కోసం అందరికంటే ఎక్కువ వెతకాల్సి వస్తుంది.